సదరు సొర

గంటిపాలెంలో సొరచేపంటే మొన్నమొన్నటిదాకా ఎవరికీ భయం లేదు. భయమంటూ ఉంటే సొరచేపకే ఉండాలి. ఆ ఊళ్ళో ఏ ఇంట పురుడొచ్చినా, బాలింతకు పాలు పడాలని ముందు పాలసొర కోసం మార్కెట్టుకి మనిషిని తరిమేవారు. వెల్లుల్లి దండిగా దట్టించి పొడిపొడిగా వేయించిన సొర పిట్టు తినని నోరు, శాకాహారులను మినహాయిస్తే, మునిసిపాలిటీ హద్దుల్లో లేదు. సొర మనిషిని తినడం సంగతి ఎవరైనా ఎత్తితే బెస్తపేట ముసలివాళ్ళు చుట్ట నోట్లోంచి తీసి మరీ నవ్వేవారు.

అలాంటి ఊరికి ఇంగ్లీషు నుంచి తెలుగులోకి దింపిన ఒక సొరచేప సినిమా వచ్చింది. అందులో సొర ముందు ఒక పిల్లని తింటుంది, తర్వాత పడవని తింటుంది, చివర హెలికాప్టర్ని కూడా తినబోయి పొరపాటున చచ్చిపోతుంది. సినిమా వారాల తరబడి ఆడింది. హాలు ముందు ఆటో అంత రబ్బరు సొరని నోరు తెరిపించి నిలబెట్టారు. పిల్లలు దాని కోరల మధ్య తలపెట్టి ఫొటోలు దిగారు.

గేదెల వరహాలరావు భార్య రమణకుమారితో కలిసి ఆ సినిమా చూశాడు. ఆయన మునిసిపల్ ఆఫీసులో కుక్కల సెక్షన్ గుమస్తా. కాగితాల మీద దాని పేరు జంతు నియంత్రణ విభాగం. కుక్కలు, పందులు, కోతులు ఆయన పరిధిలోవి. నెమ్మదస్తుడు. ఎవరినీ ఎదిరించి ఎరగడు, ఆఖరికి కోతుల్ని కూడా. ఆదివారం సాయంత్రం భార్యతో సముద్రం ఒడ్డున కాళ్ళు తడుపుకుని, వేయించిన వేరుశెనగలు తిని ఇంటికి రావడం ఆయనకున్న ఒకే ఒక్క విలాసం.

సినిమా చూసిన మర్నాడే ఆ విలాసం పోయింది.

"నేను రాను. మీరూ దిగకండి" అంది రమణకుమారి.

"మోకాలి లోతే కదే."

"సినిమాలో ఆ పిల్ల కూడా మోకాలి లోతులోనే దిగింది."

ఇది ఒక్క ఇంటి సంగతైతే అక్కడితో పోయేది. ఆ వారమే సముద్రం మీద నల్లటిదేదో తేలుతూ కనిపించింది. ఊళ్ళోని ఉరుము టీవీ దాన్ని రోజంతా చూపించింది. కింద ఎర్రక్షరాల్లో 'గంటిపాలెం సముద్రంలో మృత్యువు?' అని వేసింది. ఆ ప్రశ్నార్థకం కత్తికి ఒర లాంటిది. అది ఉన్నంతసేపూ ఎవర్నైనా ఎంతైనా భయపెట్టవచ్చు.

సాయంత్రానికి ఆ నల్లటిది ఒడ్డుకు కొట్టుకొచ్చింది. అది మిద్దెల మీద పెట్టే నీళ్ళ ట్యాంకు మూత. వరహాలరావు దాన్ని స్వయంగా చేత్తో ఎత్తి ఉరుము టీవీ విలేకరి చంద్రహాస్‌కి చూపించాడు.

చంద్రహాస్ మూతని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మూత వచ్చింది సరే సార్. మరి ట్యాంకేదీ? ట్యాంకుని ఏం మింగింది?"

ఆ పూట వార్తల్లో 'ట్యాంకునే మింగిన కోరలు?' అని వచ్చింది.

మర్నాడు కమిషనర్ పరాంకుశం గారు అత్యవసర సమావేశం పెట్టారు. ఆయన మాట్లాడితే ఉత్తర్వు చదువుతున్నట్టుంటుంది. ఇంట్లో కాఫీ కూడా 'తగు పరిమాణంలో చక్కెర వేసి సత్వరం సమర్పించవలసినది' అని అడుగుతారని ఆఫీసులో చెప్పుకుంటారు.

"ప్రజల్లో భయాందోళనలు నెలకొని ఉన్నవి. సదరు భయాందోళనలకు అనుగుణంగా ప్రమాదాన్ని గుర్తించవలసిన గురుతర బాధ్యత మనపై ఉన్నది" అన్నారాయన.

వరహాలరావు లేచి నిలబడ్డాడు. "అయ్యా, మన తీరంలో సొర ఎవర్నీ కరిచిన దాఖలా లేదండి. ఇక ముందూ కరవదనే..."

"కరవదని మీరు రాసివ్వగలరా?"

సొర తరఫున రాసివ్వడానికి వరహాలరావెవరు?

"రాసివ్వలేరు. రాదని రాసివ్వలేని స్థితిలో, వస్తుందనే ప్రాతిపదికన ముందుకు సాగడమే పరిపాలన. కుక్క కరచును. సొర కరచును. కావున సబ్జెక్టు మీదే."

ఆ విధంగా కుక్కల సెక్షన్ పక్కనే సొర నివారణ విభాగం పుట్టింది. వరహాలరావు కుర్చీ మారలేదు. బల్ల మీద ఇంకో బోర్డు చేరింది.

గంటిపాలెంలో నిజంగా మనుషుల్ని తినేది ఒకటుంది. ఊరి వాగు, గెడ్డ, సముద్రంలో కలిసేచోటు, మొగ. అక్కడ అలలు విరగవు. నీళ్ళు చదునుగా, సౌమ్యంగా కనిపిస్తాయి. కొత్తవాళ్ళు అదే మంచి చోటనుకుని దిగుతారు. కింద లాగుడు కాళ్ళు పట్టుకుని లోపలికి ఈడ్చుకుపోతుంది. ఏటా ఎవరో ఒకరు పోతారు. అందుకే మునిసిపాలిటీ వాళ్ళ ఈతగాళ్ళిద్దరు అక్కడ కాపలా ఉండేవారు.

విభాగం తొలి ఉత్తర్వుతో ఆ ఇద్దర్నీ అక్కడి నుంచి లేపి, ఒడ్డునున్న పార్కు ఎదురుగా కొత్తగా కట్టిన మంచె ఎక్కించారు. చేతికి దుర్భిణీ, మెడలో ఈల. సొర కనిపిస్తే ఈల వేయాలి. సొర కనిపించినప్పుడు సిబ్బంది ఎట్టి పరిస్థితుల్లోనూ నీళ్ళలోకి దిగరాదు.

వరహాలరావు ఉండబట్టలేక కమిషనర్ గదిలోకి వెళ్ళాడు. "అయ్యా, మొగ దగ్గర ఏటా మనుషులు పోతున్నారండి. సొర వల్ల ఒక్కరూ పోలేదు."

పరాంకుశం గారు జాలిగా చూశారు. "ఏటా పోతున్నారు కాబట్టి అది సాధారణ పరిస్థితి. సొర అసాధారణ పరిస్థితి. అసాధారణ పరిస్థితికే అసాధారణ చర్యలు. అదీగాక వరహాలరావుగారూ, నీటి లాగుడికి ముఖమున్నదా? కోరలున్నవా? టీవీవారు ఏమి చూపుదురు?"

తర్వాత ఉత్తర్వులు వర్షాకాలపు పుట్టగొడుగుల్లా మొలిచాయి. మునిసిపల్ ఈతకొలను మూసేశారు. పార్కులో నీళ్ళు చిమ్మే ఫౌంటెనుకి ఇనుప వల బిగించారు. బడుల్లో పిల్లలకి సొర వస్తే ఎలా పరిగెత్తాలో నేర్పారు. సముద్రానికి బస్సులో పూటంతా ప్రయాణం దూరంలో ఉన్న ఇంకో మునిసిపాలిటీ, తమకూ ఒక చెరువుందని గుర్తుచేస్తూ, ఇలాంటి విభాగమే కావాలని పైకి రాసుకుంది.

చేపల మార్కెట్టుకి కూడా ఉత్తర్వు వెళ్ళింది. సొర ముఖం బయటికి కనిపించేలా అమ్మరాదు. ప్రజలు జడుసుకుంటారు. ఆ ఉత్తర్వు వినిపించే పని వరహాలరావుదే. అక్కడ ఏళ్ళ తరబడి చేపలమ్మే సూరాడ పోలమ్మ, మోచేయంత సొరని కత్తిపీట మీద పెట్టి, నడుం మీద చేతులేసుకుని విన్నది.

"ముకం కప్పాలా? కొత్త పెళ్ళికూతురేటి బావూ ఇది?"

"ఉత్తర్వమ్మా. నేనేం చెయ్యను?"

"దీన్ని సూసి జడుసుకునే మారాజులెవరో నా కాడికి రమ్మను. వొండి పెడతాను. తిన్నాక జడుసుకోమను."

పక్కవాళ్ళంతా గొల్లుమన్నారు. వరహాలరావుకి నవ్వొచ్చింది కాని, బోర్డున్న మనిషి నవ్వకూడదు కదా అని ఆపుకున్నాడు. పోలమ్మ ఒక అరిటాకు చింపి సొర ముఖం మీద కప్పింది. ఆ రోజు నుంచి అరిటాకు వేసిన ప్రతిదాన్నీ జనం సొరే అనుకుని దూరం నుంచే మళ్ళిపోయారు. మార్కెట్లో చేప కదల్లేదు. సినిమా హాల్లో మాత్రం రెండో ఆటకి కూడా టికెట్లు దొరకలేదు. ఇంట్లో కూర్చుని జడుసుకోవడం చాలక, జనం డబ్బులిచ్చి మరీ జడుసుకుంటున్నారు.

రాజధాని నుంచి ప్రాంతీయ సంచాలకులు తనిఖీకి వచ్చారు. విభాగం పుట్టాక సొరకాట్లు ఎన్ని అని అడిగారు. ఒక్కటీ లేదన్నారు పరాంకుశం గారు, కంఠంలో కొంచెం వణుకు పలికిస్తూ.

"అద్భుతం! అంతకు ముందు?"

"అంతకు ముందు విభాగమే లేనందున లెక్కించు వ్యవస్థ లేదండి."

సంచాలకులు తల పంకించారు. "ఫలితం కనబడుతున్నది. అయితే సంసిద్ధత కనబడుట లేదు. నిజంగా సొర వస్తే ఏమి చేయుదురో చేసి చూపవలెను. ప్రదర్శన ఏర్పాటు చేయుడు."

ప్రదర్శనకి సొర కావాలి. హాలు ముందున్న రబ్బరు సొరని అరువు తెచ్చారు. వెదురు చట్రం, దాని మీద స్పాంజి, పైన నల్లరబ్బరు. కడుపులో మనిషి దూరితే, నోటి సందులోంచి చూస్తూ, కింద కాళ్ళాడిస్తూ నడిపించవచ్చు. ఎవరు దూరాలి అన్నప్పుడు గదిలో అందరి కళ్ళూ ఒకవైపే తిరిగాయి.

"సొరకు సంబంధించిన సమస్త విధులూ విభాగాధికారివే" అని తేల్చారు పరాంకుశం గారు.

"నాకు ఈత అంతంతమాత్రమండి."

"నడుము లోతే."

"కనీసం నడుముకి తాడైనా..."

ఈసారి చంద్రహాస్ అడ్డుపడ్డాడు. "తాడుంటే లైవ్‌లో సహజత్వం పోతుంది సార్."

ఆ మాట అందరికీ సబబుగా తోచింది.

ప్రదర్శన రోజు పొద్దున ఊరంతా ఒడ్డుకొచ్చింది. షామియానా కింద సంచాలకులు, కమిషనర్. మంచె మీద ఈతగాళ్ళు. వరహాలరావు రబ్బరు సొర కడుపులో దూరి నడుము లోతు నీళ్ళలోకి నడిచాడు. లోపల చీకటి, సినిమా చూసినవాళ్ళు తిన్న వేరుశెనగల వాసన, ఉక్క. సైరన్ మోగగానే ఆయన లేచి వీపు మీది రెక్క ఊపాడు.

జనానికి అది రబ్బరు సొరేనని తెలుసు. అందులో ఉన్నది కుక్కలాఫీసరని కూడా తెలుసు. కాని సినిమాలో ఆ రెక్క చూసినప్పుడు గుండె చేసిన పని గుండెకి గుర్తుంది. ముందు ఒక ఆవిడ కెవ్వుమంది. అంతే. ఒడ్డున చెప్పులు మిగిలాయి, మనుషులు మిగల్లేదు. షామియానా ఒక పక్క కూలింది.

"ప్రజాస్పందన అమోఘం" అన్నారు సంచాలకులు, షామియానా గుడ్డ కిందనుంచి.

ఆ గందరగోళంలో వరహాలరావు అల ధాటికి పక్కకి జరుగుతూ జరుగుతూ మొగ వైపు వెళ్ళిన సంగతి ఎవరూ చూడలేదు. ఉన్నట్టుండి అలల మోత ఆగింది. నీళ్ళు నెమ్మదించాయి. హమ్మయ్య అనుకునేలోగా కాళ్ళ కింద ఇసుక జారిపోయింది. ఎవరో మోకాళ్ళు పట్టుకుని లాగినట్టయింది. ఒడ్డు వెనక్కి నడిచిపోతోంది.

"కాపాడండి! బాబోయ్, కాపాడండి!"

రబ్బరు గొంతులోంచి ఆ కేక గుర్రుమంటూ బయటికొచ్చింది.

"వింటున్నారుగా, సొర గర్జిస్తోంది!" అన్నాడు చంద్రహాస్ కెమెరా ముందు.

మంచె మీద ఈతగాళ్ళకి విషయం అర్థమైంది. పెద్దవాడు చొక్కా విప్పి నిచ్చెన దిగబోయాడు. కింద నిలబడ్డ అధికారి ఉత్తర్వు గుర్తుచేశాడు: సొర ఉండగా సిబ్బంది నీళ్ళలోకి దిగరాదు. "లోపల మనిషున్నాడు సార్" అన్నాడు ఈతగాడు. "పైన సొరున్నది కదా" అన్నాడు అధికారి. ఈతగాడు పళ్ళు నూరుకుని, గుండెలోని ఊపిరంతా పెట్టి ఈల వేశాడు. మైకులో పరాంకుశం గారు, సొర పాత్రలో విభాగాధికారి జీవిస్తున్నారని ప్రకటించారు.

వరహాలరావుకి నోట్లో ఉప్పు, ముక్కులో ఉప్పు. స్పాంజి తేలుస్తోంది కాని, చట్రం చంకల్లో ఇరుక్కుని చేతులు రావడం లేదు. అధికారులూ కెమెరా చూస్తుండగా చచ్చిపోతున్నాననీ, ఒక్కడూ రాడనీ ఆయనకి తెలిసింది. రమణకుమారి గుర్తొచ్చింది. ఇంట్లో టీవీ ముందు కూర్చుని చూస్తూ ఉంటుంది. బావుందనుకుంటోందేమో కూడా.

అలలకవతల తెప్ప మీద పోలమ్మ మొగుడు దానయ్య, అతని తమ్ముడు, ప్రదర్శన సంగతి ఎరక్క, చీకటితోనే వచ్చి వల వేస్తున్నారు. దానయ్య కూతురు రెండ్రోజుల కిందటే ప్రసవించింది. పాలు చాలడం లేదు. రెక్క కనిపించగానే దానయ్య కళ్ళు మెరిశాయి.

"ఒరే తమ్మా, సొర్రా! లగెత్తించరా తెప్పని!"

గంటిపాలెం మొత్తం మీద ఆ రోజు సొర నుంచి పారిపోకుండా సొర వైపు వచ్చినవాళ్ళు ఆ ఇద్దరే. వల విసిరారు. బిగించారు. తెప్ప దగ్గరికి ఈడ్చి దానయ్య కత్తి ఎత్తాడు.

"చంపకండి బాబూ! నేను మునిసిపాలిటీ!" అంది సొర.

దానయ్య చెయ్యి గాల్లో ఆగింది. "సొర్రకి మునిసిపాల్టీ ఏట్రా?"

తమ్ముడు నోట్లోకి తొంగి చూశాడు. "అన్నియ్యా, లోన కుక్కలాపీసరు!"

రబ్బరుని నిలువునా కోసి ఆయన్ని బయటికి లాగారు. తెప్ప మీద బోర్లా పడుకోబెట్టి వీపు చరిస్తే కడుపులోని సముద్రమంతా కక్కాడు. దానయ్య ఊపిరి పీల్చుకుంటూ ఆయన్నే చూశాడు.

"మా బాలింత గుంటకి పాలు పడతాయని ఎంత ఆశపడ్డాను బావూ. తీరా సూత్తే నువ్వా!"

వరహాలరావు అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఏడ్చేశాడు.

ఒడ్డున ఉన్న కెమెరాకి కనిపించింది ఇదొక్కటే: బెస్తవాళ్ళు సొరని పట్టారు, కడుపు కోశారు, లోపల్నించి మనిషి బయటికొచ్చాడు. ఉరుము టీవీ ఈసారి ప్రశ్నార్థకం కూడా పెట్టలేదు.

గుక్క తిప్పుకుని ఆఫీసుకి వెళ్ళిన వరహాలరావు ఉన్నదున్నట్టు చెప్పాడు. "అది మన రబ్బరు సొరేనండి. నన్ను లాక్కుపోయింది మొగ దగ్గర నీళ్ళండి."

పరాంకుశం గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "మీరు సొర కడుపులోంచి బయటికి వచ్చితిరా, లేదా?"

"వచ్చానండి."

"సజీవంగానే గదా?"

"ఆఁ అండి."

"మరి ఇందులో అసత్యమేమున్నది? సదరు సాహసానికి మీకు సన్మానం మంజూరైనది."

ఇంట్లో రమణకుమారి ఆయన్ని పట్టుకుని వలవల ఏడ్చింది. ఆయన అసలు సంగతి మళ్ళీ మొదలుపెట్టాడు. ఆవిడ కన్నీళ్ళు తుడుచుకుంటూ తల అడ్డంగా ఊపింది. "రబ్బరుదాంతో సహా మిమ్మల్ని అసలుది మింగేసిందట. మీకు తెలివి తప్పింది కాబట్టి గుర్తులేదు. టీవీలో డాక్టరు చెప్పాడు."

మర్నాడు పొద్దున వరహాలరావు ఒక్కడే మొగ దగ్గరికి వెళ్ళాడు. తనని మింగబోయిన నీళ్ళని ఒకసారి చూడాలనిపించింది. అవి పెరుగు తోడుకున్నట్టు నిమ్మళంగా ఉన్నాయి. పొరుగూరి కుటుంబం ఒకటి అందులో దిగి ఉంది. తండ్రి చంకలో చంటిపిల్ల.

"అయ్యా, పైకి రండి! అక్కడ లాగుడుంది!"

"ఫరవాలేదండీ" అన్నాడు ఆ తండ్రి నవ్వుతూ. "నీళ్ళు నెమ్మదిగానే ఉన్నాయి. మేం చూసుకుంటాం."

ఇంకో అడుగు లోపలికి వేశాడు. వరహాలరావుకి కాళ్ళ కింద ఇసుక మళ్ళీ జారినట్టయింది. ఏమంటున్నాడో తనకే తెలియకుండా గొంతు చించుకుని అరిచాడు.

"సొర!"

చంటిపిల్లతో సహా కుటుంబమంతా రోడ్డు మీద తేలింది. వరహాలరావు ఇసుకలో కూలబడి చాలాసేపు తనలో తనే నవ్వుకున్నాడు. తర్వాత నవ్వాగిపోయింది. జీవితంలో మొదటిసారి ఆయనకొక ఆలోచన వచ్చింది. పై నుంచి ఉత్తర్వుగా రాకుండా, సొంతంగా వచ్చిన ఆలోచన.

సన్మాన సభ కిక్కిరిసింది. చంద్రహాస్ మైకు పెట్టి, లోపల ఎలా ఉందని అడిగాడు. "చీకటి. ఊపిరాడలేదు. కాపాడమని ఎంత అరిచినా ఒక్కరూ రాలేదు" అన్నాడు వరహాలరావు. అక్షరం అబద్ధం లేదు. సభలో ముక్కులు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. దానయ్య వెనక వరసలో నిలబడి నెత్తి గోక్కున్నాడు. అతనికి దండ వేయలేదు. అనుమతి లేకుండా సొరని పట్టినందుకు సంజాయిషీ అడిగారు.

"సదరు సొర మిమ్ములను ఏ ప్రదేశమున పట్టినది?" అన్నారు సంచాలకులు.

వరహాలరావు తల తిప్పి దానయ్యని చూశాడు, ఈతగాళ్ళని చూశాడు. "మొగ దగ్గరండి. దాని కాపురం అక్కడే. అక్కడ దిగినవాణ్ణి వదలదండి. మరో సంగతి, దానికి బెస్తవాళ్ళంటే హడల్. వాళ్ళ జోలికి వెళ్ళొద్దండి. సొర ముఖం జనానికి బాగా అలవాటైతే దాని పొగరు కూడా అణుగుతుందండి. మార్కెట్లో అరిటాకులు తీయించెయ్యాలి."

వారం తిరక్కుండా మొగ దగ్గర ఎర్రజెండాలు లేచాయి. ఈతగాళ్ళు మంచె దిగి పాత కాపలాకి వచ్చారు. దానయ్య సంజాయిషీ ఫైలు ఎటు పోయిందో ఎవరూ అడగలేదు. పోలమ్మ ఒక పొద్దున్నే ముఖం కప్పని పాలసొరని కూతురింటికి మోసుకుపోతూ ఆఫీసు ముందు ఆగి, వరహాలరావుకి గర్వంగా ఎత్తి చూపించింది. ఆ ఏడు మొగలో ఎవరూ పోలేదు. అది సొర నివారణ విభాగం సాధించిన విజయమని పైకి నివేదిక వెళ్ళింది. వరహాలరావు దానికీ అడ్డుచెప్పలేదు.

కాని ఒకసారి రుచి మరిగాక నోరు ఊరుకుంటుందా? బస్టాండు దగ్గర మురుగుకాలువకి మూత లేక జనం అందులో పడి కాళ్ళు విరగ్గొట్టుకుంటున్నారని ఏళ్ళుగా అర్జీలున్నాయి. ఒక మధ్యాహ్నం వరహాలరావు కమిషనర్ గదిలోకి వెళ్ళి, గొంతు తగ్గించి, గెడ్డలోంచి ఆ కాలువలోకి దారి ఉందనీ, అందులో ఏదో మెదిలినట్టు అనిపించిందనీ చెప్పాడు.

పరాంకుశం గారు లేచి నిలబడ్డారు. "రాదని మీరు రాసివ్వగలరా?"

"ఎలా రాసివ్వగలనండీ!"

రెండ్రోజుల్లో కాలువ పొడుగునా సిమెంటు పలకలు పడ్డాయి. ఉరుము టీవీ ఆ పలకల్ని ప్రత్యక్ష ప్రసారం చేసింది.

ఊరికి మాత్రం కళ్ళులేవా? ఆ ఆదివారం వరహాలరావు ఇంటి అరుగు ముందు కొండవీధి నుంచి ఒక ముసలమ్మ వచ్చి నిలబడింది. వాళ్ళ వీధి ఊళ్ళోకెల్లా ఎత్తైన చోటుంది. అక్కడికి కుళాయి నీళ్ళు ఎక్కి చాలాకాలమైంది. ఆమె కొంగులోంచి రెండు జామకాయలు తీసి అరుగు మీద పెట్టి, అటూ ఇటూ చూసి, గుసగుసగా అడిగింది.

"మా ఈదికీ ఓ సొర్రని పంపించు బావూ. సిన్నదైనా పర్లేదు."